ఏరియేటర్ డ్రైవ్‌లో 50 హెర్ట్జ్ లిమిట్ తీసేసే ఆప్షన్ రైతు చేతికి ఇవ్వొచ్చా?

తమ్ముడూ, ఇంకెవరైనా చదివితే అర్థమవ్వాలి గదా, ముందు నీ ప్రశ్నని రెండు ముక్కల్లో చెప్తా. నెల్లూరులో ఒక చిన్న కంపెనీలో ఫర్మ్‌వేర్ (మెషీన్ లోపల నడిచే ప్రోగ్రాం) రాస్తావు. మీరు రొయ్యల చెరువుల ఏరియేటర్లకి (నీళ్లని చిలికి గాలి కలిపే చక్రాలు) వీఎఫ్‌డీ ప్యానెళ్లు, అంటే హెర్ట్జ్ మార్చి మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్‌లు, వాటికి ఫోన్ యాప్ ఇస్తారు. మీ డ్రైవ్ 50 హెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. రైతులు 60 దాకా పోనీమంటున్నారు, వేరేవాళ్ల ప్యానెల్లో పోతోందంటున్నారు. మీ ఓనరేమో "యాప్‌లో ఒక హెచ్చరిక పెట్టు, ఓకే నొక్కితే తెరిచెయ్, కాలితే వాళ్ల పూచీ" అన్నాడు. ఇలా తెరవొచ్చా, తెరిస్తే ఏమవుతుంది అన్నది నీ ప్రశ్న.

తెరవొద్దు. మోటారు నేమ్ ప్లేటు మీద రాసిన హద్దుల లోపల రైతు ఏం మార్చుకుంటాడో మార్చుకోనీ, అక్కడ ఎంత స్వేచ్ఛ ఇస్తే అంత మంచిది. హద్దు దాటించే తాళం మాత్రం యాప్‌లో ఉండకూడదు. నిజంగా అవసరమైన చోట మీ మనిషే వెళ్లి, ఆ మోటారు, ఆ లోడు చూసి, లెక్కేసి పెట్టి రావాలి. అప్పుడు కూడా ట్రిప్పుల (ప్రమాదం కనపడితే డ్రైవ్ తనంతట తానే ఆగిపోయే ఏర్పాట్ల) జోలికి పోకూడదు.

ఎందుకో చెప్తా. నా పని ప్యానెల్ బోర్డులు, డ్రైవ్ సర్వీసు. విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు చెరువులకి తిరుగుతా, అటు చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలకీ పోతా. ఇక్కడ చెప్పేది చాలావరకు అక్కడ చూసిందే.

ముందు లెక్క. 50 నుంచి 60 అంటే ఇరవై శాతమే గదా అంటారు. చక్రం వేగం వరకు నిజమే. కానీ ఏరియేటర్ రెక్క నీళ్లని కొట్టాలి. నీళ్ల అడ్డు సుమారుగా వేగం వర్గంతో పెరుగుతుంది, దానికి కావాల్సిన పవరు వేగం ఘనంతో పెరుగుతుంది. 1.2 ని మూడుసార్లు గుణించు, 1.728 వస్తుంది. 50 దగ్గర 2 హెచ్‌పీ మోటారు ఫుల్ లోడులో ఉందనుకుంటే, 60 దగ్గర దాన్ని దాదాపు మూడున్నర హెచ్‌పీ అడుగుతున్నాం. 55 దగ్గరే 33 శాతం ఎక్కువ.

మరి మోటారు ఇవ్వగలదా? 415 వోల్టుల మోటారుకి 50 హెర్ట్జ్ అంటే హెర్ట్జ్‌కి 8.3 వోల్టుల చొప్పున పడాలి. డ్రైవ్ తనకి లైన్లో వచ్చిన దానికంటే ఎక్కువ వోల్టేజీ బయటికి ఇవ్వలేదు. అందుకని 50 దాటాక హెర్ట్జ్ పెరుగుతూ పోతుంది, వోల్టేజీ అక్కడే ఆగిపోతుంది, ఐరన్‌లో ఫ్లక్స్, అంటే అయస్కాంత బలం, పల్చబడుతుంది. 60 దగ్గర మోటారు నిలకడగా ఇవ్వగల టార్క్ (తిప్పే బలం) 83 శాతానికి పడుతుంది. ఒక్క ఊపులో తట్టుకోగల గరిష్ఠ టార్క్ అయితే 70 శాతం దరిదాపులకి వస్తుంది. లోడు అడిగేది 144 శాతం. ఆ తేడా పూడాలంటే కరెంటు ఎక్కువ లాగాలి, స్లిప్పు (హెర్ట్జ్‌కి తగ్గ వేగం కంటే మోటారు వెనకబడటం) పెరగాలి, వైండింగ్ వేడెక్కాలి. యాప్‌లో 60 అని పెద్ద అక్షరాల్లో కనపడుతుంది. చక్రం మాత్రం 60కి తగ్గట్టు తిరగదు. చాలాసార్లు రైతు చూసి మురిసిపోయేది ఆ అంకెనే.

ఇక్కడే ఆఫీసులో బెంచి మీద టెస్ట్ చేసేవాళ్లకి తట్టని సంగతి ఒకటుంది. నీ బెంచి మీద 415 వస్తుంది. మైపాడు వైపు లైను చివర, సాయంత్రం అందరి ఏరియేటర్లూ ఆన్ అయ్యాక మీటరు పెట్టి చూడు. 370 చూపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. 370ని 8.3తో భాగిస్తే 44.6. అంటే ఆ వోల్టేజీలో మోటారుకి నిండు ఫ్లక్స్ దొరికేది 44, 45 హెర్ట్జ్ వరకే. ఆ చెరువు దగ్గర 50 అనేదే ఇప్పటికే హద్దు దాటిన నెంబరు. నువ్వు తెరిచే 60 దాని మీద ఇంకా పైన పడుతుంది. నీ కోడ్‌లో 50 అని రాసిపెట్టిన లిమిట్ కూడా నిజానికి మారాల్సిందే. డీసీ బస్ వోల్టేజీ (లైను కరెంటుని డ్రైవ్ లోపల డీసీగా మార్చాక ఉండే వోల్టేజీ) చూసి, దానికి తగ్గట్టు కిందికి దిగేలా ఉండాలి. 415కి బస్ దగ్గర సుమారు 587 వోల్టులు, 370కి సుమారు 523. కొలిచే సర్క్యూట్ డ్రైవ్‌లో ఎలాగూ ఉంది, వాడుకో.

వేడి సంగతి. మోటారు ఇన్సులేషన్ క్లాస్ బి అయితే 130 డిగ్రీలు, క్లాస్ ఎఫ్ అయితే 155. ఈ లెక్క బయట 40 డిగ్రీలు ఉంటుందనుకుని వేసింది. మనకి రోహిణి కార్తెలో 40 అంటే చల్లగా ఉన్నట్టే. పది డిగ్రీలు అదనంగా వేడెక్కితే ఇన్సులేషన్ ఆయుష్షు సగమవుతుందన్నది మోటార్ల పనిలో పాతకాలం నుంచి వాడే లెక్క. డ్రైవ్ లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకీ అదే వర్తిస్తుంది. చాలా డ్రైవ్‌లకి చుట్టూ ఉండే గాలి 40 డిగ్రీల వరకే అని మాన్యువల్లో ఉంటుంది, కొన్నిటికి 50 దాకా, అదీ కరెంటు తగ్గించుకుంటేనే. కట్ట మీద రేకు డబ్బాలో, ఫిల్టరు నిండా ఉప్పు తేమా దుమ్మూ పట్టి, మధ్యాహ్నం ఎండకి లోపల ఎంత ఉంటుందో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది.

దీనికి తోడు రీవైండింగ్. చెరువుల మీద కొత్త వైండింగుతో నడిచే మోటార్లు ఎన్ని, ఒకసారో రెండుసార్లో తిరిగి చుట్టినవి ఎన్ని? నేమ్ ప్లేటు మీద 2 హెచ్‌పీ అనే ఉంటుంది. లోపల ఏ గేజి వైరు పడిందో, వార్నిష్ పోసి ఓవెన్లో ఆరబెట్టారో ఎండలో పెట్టి ఇచ్చేశారో చుట్టినవాడికే తెలుసు.

తయారుచేసినవాడు హద్దుకీ నిజంగా చెడిపోయే చోటుకీ మధ్య కొంత ఖాళీ వదులుతాడు, అది నిజం. "కంపెనీవాళ్లు కావాలనే తక్కువ రాస్తారు, ఇంకా గుంజొచ్చు" అనే మాట అందులోంచే పుట్టింది. కానీ ఆ ఖాళీ వదిలింది నువ్వో నేనో పంచిపెట్టడానికి కాదు. మన చెరువుల దగ్గర ఎండ, ఉప్పుగాలి, లో వోల్టేజీ, రీవైండింగ్ కలిసి దాన్ని ఎప్పుడో తినేసి ఉంటాయి. చలికాలంలో, మంచి వోల్టేజీలో, కొత్త మోటారుతో చేసిన డెమోలో 60 బ్రహ్మాండంగా తిరుగుతుంది. మే నెలలో ఫోన్లు మొదలవుతాయి.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఒక హద్దు తెరిస్తే అది ఒక్కటే తెరుచుకోదు. విడవలూరు వైపు ఒక చెరువు నుంచి ఫోను వచ్చింది. "ఏం సామీ, ఈ డ్రైవు ఊరికే పడిపోతా ఉండాది, ఎన్నిసార్లని రీసెట్ కొట్టేది?" పోయి ప్యారామీటర్లు చదివా. ప్యానెల్ ఎవరిచ్చారో వదిలెయ్, అన్నీ తెరిచి ఇచ్చారు. గరిష్ఠ ఫ్రీక్వెన్సీ 58. ఆ 58కి మోటారు కరెంటు పెరిగి ఓవర్‌లోడ్ ట్రిప్ అయ్యింది. ట్రిప్ అయ్యిందని ఓవర్‌లోడ్ కరెంటుని మూడున్నర ఆంపియర్ల నుంచి 6కి పెంచారు. అయినా అప్పుడప్పుడూ పడుతోందని ఆటో రీసెట్ పదిసార్లకి పెట్టారు. మోటారు కూస్తోందని క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవ్ సెకనుకి ఎన్నిసార్లు స్విచ్ అవుతుందో ఆ లెక్క) పెంచారు, దాంతో డ్రైవే వేడెక్కి హీట్‌సింక్ ట్రిప్ మొదలైంది. అప్పుడు నాకు ఫోన్ చేశారు, ఆ హీట్‌సింక్ ట్రిప్ ఎలా తీసెయ్యాలో చెప్పమని!

మోటారు విప్పిస్తే మూడు ఫేజుల కాయిళ్లూ ఒకే తీరుగా నల్లబడి ఉన్నాయి, గోటితో గీరితే వార్నిష్ పొడిగా రాలుతోంది. అది ఓవర్‌లోడ్ గుర్తు. సింగిల్ ఫేజింగ్ (మూడు ఫేజుల్లో ఒకటి పోవడం) అయితే అట్లా ఉండదు. స్టార్ కనెక్షన్లో రెండు ఫేజులు మాడి మూడోది బాగానే మిగులుతుంది, డెల్టాలో ఒక్క ఫేజే మాడుతుంది. వోల్టేజీ దెబ్బకి పోయినదైతే టెర్మినల్ దగ్గరి మొదటి చుట్లలో ఒక్కచోట చిల్లు పడినట్టుంటుంది, మిగతా వైండింగ్ కొత్తదిలా ఉంటుంది. ఈ తేడా నువ్వు కూడా నేర్చుకో. వైండింగ్ షాపులో ఒక పూట కూర్చుంటే చాలు, వాళ్లే చూపిస్తారు. నీ ఫర్మ్‌వేర్ ఏం చేసిందో అక్కడ తెలిసినంతగా ఏ లాగ్ ఫైల్లోనూ తెలియదు.

ఆ రైతు తెలివి తక్కువవాడేం కాదు. ఒక్కో అడుగూ అతని వైపు నుంచి చూస్తే సబబుగానే ఉంది. డ్రైవ్ ప్రతిసారీ ఆపుతోంది, ప్రతిసారీ దాని మెనూలోనే ఆ ఆపడాన్ని తప్పించే మీట కూడా ఉంది. మీట ఉంటే తిప్పుతారు.

క్యారియర్ ఫ్రీక్వెన్సీ గురించి ఇంకో మాట, దీన్ని ఎవరూ పట్టించుకోరు. డ్రైవ్ కట్ట మీద ఉంటుంది, ఏరియేటర్ చెరువు మధ్యలో, కేబుల్ వంద మీటర్లు దాటొచ్చు. అంత పొడుగు కేబుల్లో డ్రైవ్ పంపే పల్సులు మోటారు టెర్మినల్ దగ్గర ఎగిసిపడి బస్ వోల్టేజీకి రెట్టింపు దాకా పోగలవు, అంటే 1100 వోల్టుల పైన. క్యారియర్ పెంచితే సెకనుకి అలాంటి దెబ్బలు ఇంకా ఎక్కువ తగులుతాయి. భూమిలోకి పోయే లీకేజీ కరెంటు కూడా పెరుగుతుంది. లీకేజీ పెరిగితే ఈఎల్‌సీబీ (లీకేజీ వస్తే కరెంటు కట్ చేసే బ్రేకర్) పడిపోతుంది. పడిపోతే దాన్ని బైపాస్ చేస్తారు. అక్కడ ఉప్పు నీళ్లు, ఆ నీళ్లలో మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే ఎత్తడానికి దిగే మనిషి. కూత తగ్గించే మీట అని నువ్వు పెట్టినదాని అవతలి కొస అక్కడ తేలుతుంది. అందుకే క్యారియర్, ఓవర్‌లోడ్ కరెంటు, రీసెట్ లెక్క, ఫేజ్ లాస్, టెంపరేచర్ ట్రిప్, ఇవి యాప్ కంటికే కనపడకూడదు.

ఇక కాలే సమయం. ఏరియేటర్‌ని ఎప్పుడు గుంజుతారు? మబ్బు పట్టినప్పుడు, ప్లాంక్టన్ (నీళ్లకి రంగునిచ్చే సూక్ష్మ నాచు) పడిపోయినప్పుడు, రొయ్య పెరిగి పట్టుబడి దగ్గరపడినప్పుడు. రాత్రంతా నడిపి, తెల్లారుజామున డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) అన్నిటికంటే కిందికి దిగే వేళకి మోటారు బాగా కాగి ఉంటుంది. 4 పీపీఎం పైన ఉంచుకోవాల్సిన నీళ్లు ఆ వేళ రెండు మూడుకి దిగాయంటే రొయ్య పైకి తేలుతుంది, ఇంకా దిగితే గంటల్లోనే చెరువు ఖాళీ. హద్దు దాటించిన మోటారు సరిగ్గా ఆ వేళకే చేతులెత్తేస్తుంది. వైండింగ్‌కి కొన్ని వేలవుతాయి, పోయిన పంటకి లక్షలు. ఆ రైతు కౌలు కట్టి, ఫీడ్ డీలరు దగ్గర అప్పు పెట్టి చేస్తున్నవాడైతే ఆ లెక్క నేను చెప్పక్కర్లేదు.

మీ ఓనరు అన్న "ఓకే నొక్కితే వాళ్ల పూచీ" గురించి. ఓకే నొక్కేది ఎవరో ఆలోచించావా? చాలా చెరువుల్లో ఫోను ఉండేది కాపలా మనిషి చేతిలో. ఆ హెచ్చరిక చదివి ఒప్పుకున్నాడని ఏ ముఖం పెట్టుకుని అంటాం? నష్టపోయేది చెరువు యజమాని. అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న పక్క చెరువుల వాళ్లకి వోల్టేజీ ఇంకొంచెం పడుతుంది, వాళ్లు ఏ ఓకే నొక్కలేదు. శాంక్షన్ లోడు దాటి లాగితే కరెంటాఫీసు వాళ్లతో తలనొప్పి వేరే.

చట్టం వైపు నేను వకీలుని కాను, నాకు తెలిసినంత చెప్తా. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి వల్ల జరిగిన హాని గురించి విడిగా ఒక అధ్యాయమే ఉంది. వస్తువుని కొన్నవాడు దుర్వినియోగం చేసినా, మార్చేసినా అమ్మినవాడికి కొంత రక్షణ ఉంటుంది. కానీ ఆ మార్పు చేసే బటన్ నువ్వే తయారుచేసి, నీ యాప్‌లోనే పెట్టి ఇచ్చాక అతను మార్చేశాడని నిలబడి వాదించడం కష్టం. డిజైన్ లోపం అనే మాట తిరిగి మీ మీదికే వస్తుంది. ఓనరుకి ఈ ఒక్క పేరా చూపించు, మిగతా ఇంజినీరింగ్ అంతా చదవకపోయినా ఫర్వాలేదు.

కంప్యూటర్ల వైపు ఇదే గొడవ మనకంటే పెద్ద ఎత్తున జరిగింది. 2023లో ఏఎండీ రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని సాకెట్లోనే కాలి ఉబ్బిపోయాయి. మెమరీ స్పీడు పెంచే ప్రొఫైల్ ఆన్ చేస్తే కొన్ని మదర్‌బోర్డులు ఎస్ఓసీ వోల్టేజీని (చిప్పులో మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకి పోయేదాన్ని) ఎక్కువ పెట్టేస్తున్నాయని తేలాక బయోస్‌లో (బోర్డు సొంత ఫర్మ్‌వేర్) 1.3 వోల్టుల దగ్గర కట్టడి చేశారు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు నిలకడ లేకుండా క్రాష్ అయ్యాయి. ముందు వేళ్లన్నీ బోర్డుల వాళ్ల వైపు చూపించాయి, డిఫాల్ట్‌గానే పవర్ లిమిట్లు ఎత్తేసి అమ్మారు కాబట్టి. తర్వాత తవ్వితే ఇంటెల్ సొంత మైక్రోకోడే (చిప్పు లోపలి ప్రోగ్రాం) అవసరానికి మించి వోల్టేజీ అడుగుతోందని కూడా బయటపడింది. ఆగస్టులో 1.55 వోల్టులకి హద్దు పెట్టి అప్‌డేట్ ఇచ్చారు, వారంటీ రెండేళ్లు పెంచారు. అప్పటికే దెబ్బతిన్న చిప్పులని ఆ అప్‌డేట్ బాగుచెయ్యలేదు. అక్కడ చాలామంది కొన్నవాళ్లు ఏ మీటా తిప్పలేదు, హద్దు ఎత్తేసిన సంగతే వాళ్లకి తెలియదు. నువ్వు కూడా డిఫాల్ట్ విలువల విషయంలో ఇది గుర్తుపెట్టుకో. యాప్ అప్‌డేట్ ఒకటి పొరపాటున గరిష్ఠాన్ని మార్చి పంపిందంటే ఒకే రాత్రి అన్ని చెరువుల మీదికీ పోతుంది.

ఇంకో ఉదాహరణ మీ ఓనరు కోసం. ఎన్విడియా 2015 మొదట్లో ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ ఓవర్‌క్లాకింగ్‌ని డ్రైవర్‌లో మూసేసింది. వాడేవాళ్లు గోల పెట్టారు, కొద్ది వారాలకే మళ్లీ తెరవాల్సి వచ్చింది. ఇచ్చింది వెనక్కి తీసుకోవడం అంత సులువు కాదు. ఈ సీజన్‌కి తెరిచి చూద్దాం, తేడా వస్తే మూసేద్దాం అనే మాట ఆఫీసులో వస్తే ఒప్పుకోవద్దు.

కింది హద్దు కూడా హద్దే, దాన్ని మర్చిపోతారు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ 6.7 వచ్చినప్పుడు ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్, కార్డు బయోస్‌లో రాసి ఉన్న కనిష్ఠ పవర్ హద్దుని పాటించడం మొదలుపెట్టింది. అంతకుముందు అంతకన్నా తక్కువకి దించి హాయిగా వాడుకుంటున్నవాళ్లు, తగ్గిస్తే ఏం పోతుంది, కరెంటు ఆదా గదా అని చాలా కోపగించుకున్నారు. వాళ్ల కోపంలో న్యాయం లేదనను. మన వైపు మాత్రం తగ్గించడంలో నిజమైన ప్రమాదం ఉంది. గ్రానైట్ ఫ్యాక్టరీలో కన్వేయర్ లాంటి లోడు వేగం తగ్గినా అదే టార్క్ అడుగుతుంది. మోటారు వెనక ఫ్యాను షాఫ్ట్‌కే బిగించి ఉంటుంది కాబట్టి 15 హెర్ట్జ్ దగ్గర దాని గాలి ఆడదు, నెమ్మదిగా తిరిగే మోటారు నెమ్మదిగా మాడుతుంది. ఏరియేటర్‌కి అంత బాధ లేదు, వేగంతోపాటు లోడూ తగ్గిపోతుంది. 40 హెర్ట్జ్ దగ్గర పవరు సగానికి దిగుతుంది. డీవో బాగున్న పగటి పూట అది మంచి ఆదా, రైతుకి నీ డ్రైవ్ అమ్మేటప్పుడు చెప్పాల్సింది అదీ. మరీ దించితే మాత్రం రెక్క నీళ్లని చిమ్మదు, ఊరికే కలుపుతుంది.

మరి 50 దాటడం ఎప్పుడూ తప్పేనా అంటే కాదు. 60 హెర్ట్జ్‌కి కూడా రాసిచ్చిన నేమ్ ప్లేటు ఉంటే, లోడు తేలికదైతే, బేరింగులు ఆ వేగానికి తగినవైతే బాగా నడుస్తుంది. రాతి మీద బొమ్మలు చెక్కే సీఎన్‌సీ స్పిండిల్ మోటార్లు పుట్టడమే వందల హెర్ట్జ్‌కి పుట్టాయి. అక్కడ స్పెసిఫికేషనే అది, దాటడం ఏముంది.

దానికి వ్యతిరేకం చీమకుర్తిలో కటింగ్ మిషన్లు. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ బిళ్ల కోసే బ్లేడు 1.2 మీటర్లది, నిమిషానికి 480 చుట్లు తిరుగుతుందనుకో, అంచు దగ్గర వేగం సెకనుకి 30 మీటర్లు. వేగాన్ని 20 శాతం పెంచితే సెగ్మెంట్‌ని (బ్లేడు అంచున అతికించిన కోసే ముక్కని) బయటికి లాగే బలం 44 శాతం పెరుగుతుంది. అది ఊడి వస్తే ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. బ్లేడు మీద గరిష్ఠ వేగం అచ్చేసి ఉంటుంది, ఆ అంకె నీ డ్రైవ్‌కి తెలియదు. డ్రైవ్ తట్టుకుంటుంది, మోటారు తట్టుకుంటుంది, వాటి తర్వాత ఉన్నది తట్టుకోదు. హద్దు అంటే డ్రైవ్ హద్దు ఒక్కటే కాదు, షాఫ్ట్‌కి ఆ చివర బిగించిన ప్రతిదాని హద్దుల్లో అన్నిటికంటే చిన్నది. ఏరియేటర్‌లో అది గేరు బాక్సు కావొచ్చు, ప్లాస్టిక్ రెక్క కావొచ్చు.

ఇప్పుడు నీ కోడ్ సంగతి.

లిమిట్ చెకింగ్ యాప్‌లో పెట్టకు, డ్రైవ్ ఫర్మ్‌వేర్‌లోనే పెట్టు. యాప్ అడగాలి, డ్రైవ్ నిర్ణయించాలి. యాప్‌లో మూసేసి డ్రైవ్‌లో వదిలేస్తే, ఎవడో ఆర్ఎస్-485 కేబుల్ తగిలించి మోడ్‌బస్ రిజిస్టర్లోకి (డ్రైవ్‌లో సెట్టింగు విలువ ఉండే చోటికి) నేరుగా 6000 రాసేస్తాడు, 60.00 హెర్ట్జ్ అయిపోతుంది. రిజిస్టర్ ఏ దారిలో రాసినా ఒకే ఫంక్షన్ గుండా పోవాలి, అక్కడే హద్దు చూడాలి. ఈప్రామ్ (పవర్ పోయినా సెట్టింగులు నిలిచే మెమరీ) నుంచి చదివేటప్పుడు కూడా చూడు, చెడిపోయిన విలువ లోపలికి రావొచ్చు.

అన్ని ప్యానెళ్లకీ ఒకటే సర్వీస్ పాస్‌వర్డ్ పెట్టకు. వారం తిరిగేసరికి అది ఆక్వా వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది. సీరియల్ నెంబరుకొకటి, కొన్ని గంటల్లో గడువు తీరేది, మీ ఆఫీసు నుంచి ఇచ్చేది పెట్టు. ఎవరు, ఎప్పుడు, ఏ విలువని దేనికి మార్చారో చెరపడానికి వీల్లేకుండా డ్రైవ్‌లోనే రాసుకో. లినక్స్ కెర్నల్ కూడా స్పెసిఫికేషన్ దాటి నడిచే ప్రాసెసర్‌కి ఒక ముద్ర వేసి పెడుతుంది, తర్వాత ఎవరైనా లోపం ఉందని ఫిర్యాదు చేస్తే ముందు అది చూస్తారు. వారంటీ గొడవల్లో మీకు అక్కరకొచ్చేది ఆ రికార్డే.

చాలామంది వదిలేసేది థర్మల్ మెమరీ. ఓవర్‌లోడ్ లెక్క కట్టే కౌంటర్, పవర్ ఆపి వేస్తే సున్నా నుంచి మొదలవుతుందేమో చూడు. చవక డ్రైవ్‌లలో అలాగే ఉంటుంది. ట్రిప్ అవ్వగానే మెయిన్ దించి ఎక్కిస్తారు, కాగుతున్న మోటారుని డ్రైవ్ చల్లటిదనుకుంటుంది. ఆ విలువని పవర్ పోయినా నిలిచే చోట దాచు.

అన్నిటికంటే ముఖ్యం, ఆపెయ్యడం కంటే తగ్గించడం మేలు. హీట్‌సింక్ వేడెక్కుతున్నా, కరెంటు హద్దు దగ్గరికొస్తున్నా, బస్ వోల్టేజీ పడుతున్నా ఫ్రీక్వెన్సీని మెల్లగా దించుకుంటూ రా. 50 నుంచి 42కి దిగినా లోడు 40 శాతం తగ్గిపోతుంది, ట్రిప్ తప్పుతుంది, నీళ్లు కదులుతూనే ఉంటాయి. యాప్‌లో మెసేజీ పంపు, కాల్ కూడా పోయేలా చెయ్. తెల్లారుజామున మూడింటికి రైతుకి కావాల్సింది ఆగిపోయిన 60 కాదు, నడుస్తున్న 42. ఇది బాగా చేసి చూపిస్తే లిమిట్ ఎత్తెయ్యమని అడిగేవాళ్లలో సగంమంది మానుకుంటారు. వాళ్లకి నిజంగా ఉన్న బాధ, పదే పదే పడిపోవడమే.

మిగతా సగం నిజంగానే ఆక్సిజన్ చాలక అడుగుతారు. వాళ్లకి చెప్పాల్సిన సమాధానం వేరు. సుమారు 500 కిలోల రొయ్యకి ఒక హెచ్‌పీ అన్నది ఆక్వాలో అందరూ వాడే లెక్క. చెరువులో ఎంత సరుకుందో అడిగి, ఎన్ని హెచ్‌పీలున్నాయో లెక్కపెట్టించు. తక్కువైతే ఇంకో ఏరియేటర్ దింపాలి. ఉన్న 2 హెచ్‌పీని 60కి గుంజి లాగే అదనపు కరెంటుకి ఇంకో ఏరియేటర్‌ని చాలావరకు నడపొచ్చు, అది చెరువు వేరే మూల నీళ్లని కూడా కదుపుతుంది. లెక్క సరిపోయి ఉంటే రెక్క ఎంత లోతు మునిగిందో చూడమను. నాలుగంగుళాల దరిదాపుల్లో ఉండాలి. ఫ్లోటులోకి నీళ్లు చేరి ఏరియేటర్ కుంగిపోయిందంటే 50 దగ్గరే ఓవర్‌లోడ్, ఎన్ని హెర్ట్జ్‌లు తెరిచినా లాభం లేదు. రెక్కలకి పట్టిన నాచు, గవ్వలు గీకితే కరెంటు తగ్గడం క్లాంప్ మీటర్లోనే కనపడుతుంది.

మీ ప్యారామీటర్ లిస్టు ఇక్కడ పెట్టు, ఏవి యాప్‌లో ఉంచొచ్చో ఏవి మూసెయ్యాలో ఒక్కొక్కటీ చెప్తా. దాంతోపాటు మీరు ఎక్కువగా ఇచ్చే మోటారు నేమ్ ప్లేటు ఫోటో, డ్రైవ్ రేటెడ్ కరెంటు, కేబుల్ సైజూ పొడుగూ కూడా రాయి.